ఫోన్ లోపాలను సరిచేస్తామనే యాప్‌లకు చందా కట్టబోయేవారికి హెచ్చరిక

ఫోన్ మొరాయించినప్పుడు ‘సిస్టమ్ రిపేర్’ పేరుతో కనిపించే యాప్‌లను డబ్బు పెట్టి కొనవద్దని, ఏడాది చందా కట్టి మోసపోయిన అనుభవంతో చెబుతున్నాను.

కొంతకాలం క్రితం నా ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నట్టుండి స్తంభించిపోవడం, టైపు చేస్తుండగానే కీబోర్డు మాయమవడం మొదలైంది. ఆ చికాకులో ఉండగా ప్రకటన చూసి వేసుకున్న ఒక యాప్, ఉచితంగా స్కాన్ చేసి, 37 తీవ్రమైన లోపాలున్నాయని ఎర్రటి అక్షరాలతో చూపి, వాటిని సరిచేయాలంటే చందా కట్టాలంది. కట్టాను. క్షణాల్లో అన్నీ పోయాయని పచ్చటి గుర్తు వచ్చింది కానీ, ఆ సాయంత్రమే కీబోర్డు మళ్లీ మాయమైంది. అనుమానం వచ్చి, మా చెల్లెలు అప్పుడే పెట్టెలోంచి తీసిన కొత్త ఫోన్‌లో అదే స్కాన్ చేయిస్తే, అక్కడా సరిగ్గా 37 లోపాలే ఉన్నాయట!

ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కూ ఒక హద్దు ఉంటుంది. దాన్ని దాటి సిస్టమ్ ఫైళ్లను మార్చే అధికారం మనం వేసుకునే మామూలు యాప్‌కు ఉండదు. ఇతర యాప్‌ల క్యాష్‌ను, అంటే అవి తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లను, తుడిచే అనుమతి కూడా 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుంచి సిస్టమ్ యాప్‌లకే పరిమితమైంది. అందుకే ఇలాంటివి, వైకల్యం ఉన్నవారికి సాయపడేందుకు ఉద్దేశించిన యాక్సెసిబిలిటీ అనుమతి అడిగి, సెట్టింగ్స్‌లోని బటన్లను మన బదులు తామే నొక్కుతాయి. ఆ అనుమతి ఉన్న యాప్ తెరమీద కనిపించే సందేశాలను, ఓటీపీలను సైతం చదవగలదు. నేను చూసుకోకుండా దాన్ని ఇచ్చేశాను. పోయిన డబ్బుకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే.

చివరికి అసలు దోషం పైసా ఖర్చు లేకుండానే దొరికింది. పవర్ మెనూలో ‘పవర్ ఆఫ్’ను కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్‌కు వెళ్లే అవకాశం కనిపిస్తుంది. మనం వేసుకున్న యాప్‌లేవీ అందులో పనిచేయవు. ఒక రోజంతా ఫోన్‌ను అలాగే వాడితే ఒక్కసారి కూడా ఆగలేదు కాబట్టి, తప్పు సిస్టమ్‌ది కాదని తేలింది. కొత్తగా వేసుకున్నవాటిని ఒక్కొక్కటిగా తీసేస్తూ వస్తే, అందంగా ఉందని తెచ్చుకున్న కీబోర్డు యాప్‌ను తీసేయగానే సమస్య తీరిపోయింది. సేఫ్ మోడ్‌లోనూ అదే ఇబ్బంది కనిపించేవారు మాత్రం డేటాను బ్యాకప్ చేసుకున్నాకే, ఫోన్‌లోని అన్నిటినీ చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ గురించి ఆలోచించాలి. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేకుండా చదవలేని రూపంలో ఉంటుంది. రీసెట్‌తో దాని తాళాలు చెరిగిపోతాయి కనుక, పోయిన డేటాను తరువాత తిరిగి తెస్తామనే సాఫ్ట్‌వేర్లదీ ఈ రిపేర్ యాప్‌ల కోవే.

ఇప్పటికే ఇలాంటి యాప్ కొన్నవారు ముందు దాని యాక్సెసిబిలిటీ అనుమతిని, డివైస్ అడ్మిన్ హక్కును (ఫోన్‌పై అదనపు అధికారాన్ని) తొలగించి, ఆ తరువాత యాప్‌ను తీసేయండి. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ప్లే స్టోర్‌లోని సబ్‌స్క్రిప్షన్లలోకి వెళ్లి దాన్ని విడిగా రద్దు చేసుకోవాలి. ముఖ్యమైన పాస్‌వర్డులను కూడా మార్చుకోండి. డబ్బు వాపసు కోరుతూ నేను రాసిన రెండు ఉత్తరాలకు ఇంతవరకు జవాబు రాలేదు.