మా మిల్లు పిల్లి తిండి: డ్రై ఫుడ్, పౌచ్, కోడి గుండెకాయలు వాడి చూశాక

మిర్యాలగూడలో పిల్లి అంటే రైస్ మిల్లు గోదాముల్లో ఎలుకలు పట్టేది, ఇళ్లల్లో పాలన్నం తినేది. మా బుడ్డోడూ గోదాములో పుట్టినవాడే. కూనగా ఉన్నప్పుడే తెచ్చుకున్నాం. ఇప్పుడు పెద్ద మగపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, వేట మానేశాడు. కాబట్టి వాడి కడుపులోకి ఏం వెళ్లినా మా చేతి మీదుగానే. ఇన్నేళ్లు వాడాక నా మాట: డ్రై ఫుడ్ దండగ కాదు, కానీ అదొక్కటే పెట్టి ఊరుకుంటే చాలదు.

మేం కొనే సంచి మీద ప్రోటీన్ 30 శాతం, కొవ్వు 10, తేమ 12 అని ఉంటుంది. పదార్థాల్లో మొదటి పేరు మొక్కజొన్న. అది నాకు నచ్చదు, పిల్లికి గింజలతో ఏం పని? అయినా కొంటున్నానంటే టారిన్ కోసం. ఇది మాంసంలో దొరికే పోషకం, పిల్లి ఒంట్లో చాలినంత తయారుకాదు. తక్కువైతే కంటి రెటీనా దెబ్బతింటుంది, గుండె కండరం బలహీనపడి గుండె సాగి పెద్దదవుతుంది. కళ్ల సంగతి 1970ల్లో తేలింది, గుండె సంగతి 1987లో. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ మోతాదు పెంచాయి. కుక్కల తిండిలో ఇది కలపాలన్న నియమం లేదు, అందుకే అది చవకని పిల్లికి పెట్టకండి.

డ్రై ఫుడ్‌తో అసలు చిక్కు నీళ్లు. పిల్లుల పూర్వీకులు ఎడారి జంతువులు, దాహం తక్కువ, తినే ఎలుకలోనే నీళ్లు దొరికేవి. మా దగ్గర మే నెల ఎండలో కూడా బుడ్డోడు గిన్నె వైపు పెద్దగా చూడడు. మగపిల్లులకు మూత్రం అడ్డుపడితే ఒకట్రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. అందుకే రాత్రి పూట పౌచ్, అంటే గ్రేవీలో ముక్కలుండే తడి తిండి. దాని మీద ప్రోటీన్ 8 శాతమే చూసి మోసం అనుకుంటారు చాలామంది. 83 శాతం తేమ తీసేసి లెక్క కట్టండి, 47 వస్తుంది. అదే లెక్కలో డ్రై ఫుడ్ 34. పౌచ్‌తో నా గొడవల్లా ధర, పైగా మావాడు గ్రేవీ నాకి ముక్కలు వదిలేస్తాడు.

ఆ ఖర్చు తగ్గించింది చికెన్ సెంటర్. గుండెకాయలు, కందనకాయలు చవకగా ఇస్తారు. గుండెకాయలో టారిన్ బాగా ఉంటుంది, తొడ మాంసంలో కూడా రొమ్ము ముక్క కంటే ఎక్కువే. ఉప్పు, మసాలా లేకుండా కొంచెం నీళ్లలో ఉడికించి ఆ నీళ్లతో సహా పెడతాను, ఎందుకంటే టారిన్ నీళ్లలోకి దిగిపోతుంది. నీళ్లు తాగని పిల్లికి ఆ రసం రెండు విధాలా లాభం. కార్జం మాత్రం వారానికి చిన్న ముక్క. రోజూ పెడితే విటమిన్ ఎ ఎక్కువై మెడ ఎముకలు అతుక్కుపోతాయి. మాంసమే పూర్తి తిండి అనుకోవద్దు, ఎముక లేని మాంసంలో కాల్షియం చాలా తక్కువ. అలాగని ఉడికిన బొక్కలు వేస్తే పేగుల్లో గుచ్చుకుంటాయి. నాగార్జునసాగర్ చేపలు వచ్చిన రోజు ముళ్లు తీసి ఉడికించి ఇస్తాను. కొన్ని పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. ఇంట్లో కూర ముక్కలు అసలే వద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పాడుచేస్తాయి.

మా అత్తమ్మకు ఇవేవీ పట్టవు. “పాలు పొయ్యకుంటె పాపం తగుల్తది బిడ్డా” అంటుంది. పాలు పోసిన ప్రతిసారీ విరేచనాలు కడిగేది మాత్రం నేనే. పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలు అరగవు. చివరికి ఇద్దరం పాల గిన్నెలో చికెన్ నీళ్లు పోయడానికి ఒప్పుకున్నాం. అన్నం రెండు మెతుకులు కలిస్తే నష్టం లేదు, కడుపు నింపడానికి అదే పెడితే మాంసానికి చోటుండదు.

కొనేటప్పుడు చిన్న ప్యాకెట్లే తీసుకోండి. షాపులో మూట విప్పి కిలోల లెక్కన అమ్మే డ్రై ఫుడ్ మా ఎండలకు త్వరగా పాడైన నూనె వాసన వస్తుంది, బుడ్డోడు మూతి తిప్పేస్తాడు. బ్రాండ్ మార్చాలంటే వారం పాటు పాతదానిలో కొద్దికొద్దిగా కలపండి. ఆకలేస్తే అదే తింటుందిలే అని పస్తు పెట్టకండి, రెండు మూడు రోజులు తినకపోతే పిల్లి కాలేయానికి కొవ్వు పడుతుంది, లావుపాటి పిల్లులకు మరీను.