కోఠిలో పాత మాక్రో లెన్స్ కొనేముందు ఎఫ్/11లో టెస్ట్ చేయండి

వానలు పడ్డాయి కదా అని అనంతగిరికో అమీన్‌పూర్‌కో వెళ్ళి పురుగులను వేటాడి తినే రాబర్ ఫ్లై ఈగలను ఫొటో తీద్దామని, అతి దగ్గర నుంచి తీయడానికి వాడే మాక్రో లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో వెతుకుతున్నవాళ్ళు దయచేసి ఇది చదవండి.

కోఠిలో ఒక షాపులో 100 ఎంఎం మాక్రో లెన్స్ 24,000 పెట్టి కొన్నాను. షాపాయన దాన్ని నా డీఎస్ఎల్ఆర్‌కే తగిలించి, రోడ్డవతలి బోర్డును ఫొటో తీసి చూపించాడు. "చూడన్నా, అక్షరాలు ఎట్లొచ్చినయో! ఫుల్ కండిషన్." ఫొటో నిజంగానే బాగుంది. మోసమంతా అక్కడే ఉంది. ఆయన తీసింది ఎఫ్/2.8లో, అంటే వెలుగు లోపలికొచ్చే రంధ్రం (అపర్చర్) పూర్తిగా తెరిచి.

రాబర్ ఫ్లైని అంత దగ్గర నుంచి 2.8లో తీస్తే కన్ను స్పష్టంగా వచ్చినా మిగతా ముఖమంతా మసకే. అందుకే రంధ్రం చిన్నదయ్యేలా ఎఫ్/11 పెట్టి ఫ్లాష్ వేస్తాం. ఈ లెన్స్‌లో ఆ రంధ్రాన్ని చిన్నది చేసే అపర్చర్ రేకులకు నూనె పట్టి ఉంది. క్లిక్ నొక్కినప్పుడు అవి టైముకు మూసుకోవు. 2.8లో అవి మూసుకునే పనే లేదు కాబట్టి షాపులో లోపం బయటపడలేదు. ఒక ఫొటో సరిగ్గా వస్తే తర్వాతది తెల్లగా పాలిపోతుంది. క్లిక్ నొక్కేదాకా అపర్చర్ పూర్తిగా తెరిచే ఉంటుంది కాబట్టి వ్యూఫైండర్‌లో ఏమీ తెలియదు.

అనంతగిరిలో ఎండుపుల్ల చివర ఒక రాబర్ ఫ్లై, ముక్కు గుచ్చిన ఈగతో సహా, నా ముందే కూర్చుంది. అది ఎరలోకి లాలాజలం ఎక్కించి, లోపలిది కరిగాక పీల్చుకుంటుంది. అందుకే తింటున్నంతసేపూ పెద్దగా కదలదు. ఇంతకన్నా మంచి అదను దొరకదు. కళ్ళ మధ్య ఆ గుంట, మూతి మీద గడ్డంలా పెరిగిన బిరుసు వెంట్రుకలు, అన్నీ తెల్లబడిపోయాయి. ఆ ఫొటోలు చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

తిరిగి తీసుకెళ్తే "చూసుకునే కదా తీసుకున్నవ్" అన్నాడు. తర్వాత సగం ధరకు తీసుకుంటానన్నాడు. నేను ఇవ్వలేదు. ఇస్తే మళ్ళీ అదే మాట చెప్పి మీలో ఒకరికి అంటగడతాడు.

మీరు మాత్రం షాపులోనే కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, ఎఫ్/11లో ఒకే గోడను వరుసగా ఓ పది ఫొటోలు తీయండి. వెలుగు మారకపోయినా ఫొటోల్లో తేడా వస్తే ఆ లెన్స్ వద్దు. వెనక వైపు నుంచి టార్చ్ వేసి చూడండి, మన వానాకాలం తేమకు ఫంగస్ పట్టి ఉంటే లోపల సన్నని దారాల్లా కనిపిస్తుంది. ఫోకస్‌ను అతి దగ్గరి దూరం దాకా తిప్పి అక్కడ కూడా ఒకటి తీయండి, మనకు పనికొచ్చేది ఆ చివరే.

జీఎస్టీ బిల్లు మీద లెన్స్ సీరియల్ నంబర్ రాయించుకోండి. నాకు ఇచ్చింది తెల్లకాగితం మీద రాసిన ఎస్టిమేట్. అది పట్టుకునే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. ఆ బజారులో ఇలాంటి లెన్స్ ఇంకెవరికైనా తగిలి ఉంటే మీరూ ఫిర్యాదు చేయండి.