పిల్లలతో కోనసీమ, దారిలో మన కళాకారుల ఊళ్లు

కోనసీమ అనగానే చాలామంది దిండిలో గది తీసుకుని, హౌస్‌బోటు ఎక్కి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. అంత దూరం వెళ్లి అంతే చూసి రావడం అన్యాయం. బాపు, ముళ్లపూడి, అల్లు రామలింగయ్య, దాసరి, కృష్ణంరాజు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వాళ్లు పుట్టిన ఊళ్లన్నీ ధవళేశ్వరం నుంచి మొగల్తూరు దాకా, వశిష్ఠ గోదావరికి అటూ ఇటూ ఉన్నాయి. రెండు రోజులు చేతిలో ఉంటే పిల్లల సరదా, పెద్దల తలపులు రెండూ ఒకే దారిలో కుదురుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య అయితే ఎండ బాధ ఉండదు. సంక్రాంతి వారం మాత్రం వదిలేయండి, గదులు దొరకవు, దొరికినా రేటు మాట్లాడలేం.

రాజమండ్రిలో దిగగానే దామెర్ల రామారావు చిత్రకళా మందిరానికి వెళ్లండి. 1897లో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో చదువుకుని, 1925లో మశూచితో పోయిన చిత్రకారుడు. ఇరవై ఎనిమిది కూడా నిండలేదు. ‘సిద్ధార్థ రాగోదయం’ ముందు కాసేపు నిలబడితే అంత చిన్న వయసులో ఆ చేతికి ఎంత నిదానం వచ్చిందో తెలుస్తుంది. మందిరం చిన్నదే, గంట చాలు. సెలవు రోజు ఎప్పుడో ముందే కనుక్కుని బయల్దేరండి. ఊళ్లో చూడాల్సినవి ఎన్ని ఉన్నా మా ఓటు మొదట దీనికే.

అక్కణ్ణుంచి ధవళేశ్వరం దగ్గరే. ముళ్లపూడి వెంకటరమణ 1931లో పుట్టింది ఇక్కడే. 2011 ఫిబ్రవరిలో ఆయన, 2014 ఆగస్టు 31న బాపు వెళ్లిపోయారు. కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు చూపిస్తే పిల్లలకి డెల్టా అంటే ఏమిటో తేలిగ్గా అర్థమవుతుంది. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశారు. ఇప్పుడు మనం దాటేది దాని తర్వాత కట్టిన బ్యారేజీ. దాని మీదుగా బొబ్బర్లంక దిగి కాలవగట్టున వెళ్తే లొల్ల లాకులు, ఆత్రేయపురం వస్తాయి. హైవే మీద రావులపాలెం చేరడం కంటే ఇది నెమ్మది, అయినా ఈ దారే మేలు.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనడమే కాదు, రేకు తీయడం చూడండి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి నీళ్లు. పల్చటి గుడ్డని అందులో ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతారు. క్షణాల్లో రేకు లేస్తుంది. కుండ వేడి తగ్గితే రేకు అంటుకుపోతుంది, పిండి చిక్కబడితే మందమవుతుంది. చుట్టేముందు తడిగుడ్డతో రేకుని కాస్త మెత్తబరుస్తారు, లేకపోతే మడతలో పొడైపోతుంది. అమ్మేవాళ్లని ఆ రోజు చుట్టినవే అడగండి. బెల్లంవి చెమ్మ తగిలితే తొందరగా సాగుతాయి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి.

రాత్రి బస దిండిలో. పర్యాటక శాఖ రిసార్టుకి నది ఒడ్డున మంచి చోటు దొరికింది, ప్రైవేటువీ ఉన్నాయి. ఎక్కడైనా అడగాల్సినవి ఇవి: గది నది వైపా, తోట వైపా? కరెంటు పోతే జనరేటరు ఏసీకి కూడా ఇస్తుందా? రాత్రి భోజనం ఎన్నింటి దాకా? చిన్నపిల్లలుంటే హౌస్‌బోటులో రాత్రి బస వద్దనే అంటాం. పొద్దుపోయాక బోటు ఒడ్డున కట్టేస్తారు, తిరగదు. దోమలు, ఇంజను వాసన, పక్కనే నీళ్లు. అదే డబ్బుతో ఒడ్డున మంచి గది, సాయంత్రం గంటసేపు బోటు షికారు రెండూ వస్తాయి. లైఫ్ జాకెట్ పిల్లల సైజుది ఇవ్వకపోతే ఎక్కొద్దు. పెద్దవాళ్లది వేస్తే నీళ్లలో పడ్డప్పుడు తల మీంచి జారిపోతుంది. 2019 సెప్టెంబరులో ఎగువన కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదాన్ని గోదావరి వాళ్లెవరూ మర్చిపోలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే భీమవరంలో లిఫ్టున్న హోటలే నయం.

రెండో రోజు పొద్దున్నే అంతర్వేది. నరసింహస్వామి దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లండి, నదీ సముద్రమూ కలిసేది అక్కడే. నీళ్లలోకి మాత్రం దిగొద్దు. భీష్మ ఏకాదశి రథోత్సవం రోజుల్లో కారు ఊరి బయటే ఆపేస్తారు.

సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు (మనుషుల్నీ బళ్లనీ నది దాటించే పెద్ద పడవ) మీద దాటడం పిల్లలకి ఈ ప్రయాణం మొత్తంలో పెద్ద పండగ. కారు కూడా ఎక్కుతుంది. పోటు ఉన్నప్పుడు రేవు సమంగా ఉంటుంది. పాటు సమయంలో పంటు కిందికి దిగి వాలు పెరిగిపోతుంది, కింద ఎత్తు తక్కువున్న కార్లకి అడుగు గీసుకుంటుంది. మనుషులు దిగి నడిచి, డ్రైవరు ఒక్కడే ఎక్కించాలి. వరదొచ్చినా, గాలి ఎక్కువైనా పంటు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగడమే, దానికి గంట ఎక్కువ పెట్టుకోండి.

నరసాపురం బాపు పుట్టిన ఊరు. రేవులో కాసేపు కూర్చుని పడవలు, నీళ్లు, ఎదురొడ్డు కొబ్బరిచెట్లు చూస్తే ఆయన గీతలోని గోదావరి పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. ఊళ్లో చేత్తో అల్లే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేటప్పుడు వెనక వైపు తిప్పి చూడండి. చేతి అల్లికలో ముడులు కాస్త హెచ్చుతగ్గులుగా ఉంటాయి, మిషను పని అచ్చు గుద్దినట్టు ఉంటుంది.

మొగల్తూరు కృష్ణంరాజు ఊరు, 2022 సెప్టెంబరు 11న పోయారు. దాన్ని దాటితే పేరుపాలెం బీచ్. కార్తీకమాసం ఆదివారాలు కిటకిటలాడుతుంది, మామూలు రోజు వెళ్లండి. అలలు లాగేస్తాయి, పెద్దవాళ్లు కూడా మోకాళ్ల లోతు దాటొద్దు. నీడ తక్కువ, బట్టలు మార్చుకోవడానికి చోటు కష్టం, తాగునీళ్లు వెంట తీసుకెళ్లాలి.

తిరుగు ప్రయాణం నరసాపురంలో కాకుండా పాలకొల్లులో పెట్టుకోండి. హైదరాబాదు వెళ్లే నరసాపురం రైలు అక్కడా ఆగుతుంది. క్షీరారామం తొమ్మిది అంతస్తుల గాలిగోపురం చూడొచ్చు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ ముగ్గురిదీ ఈ ఊరే. వయసు మళ్లినవాళ్లు ఎవరైనా దొరికితే వాళ్ల గురించి అడగండి, రైలు టైము చూసుకుంటూ అడగండి, మాట మొదలైతే తొందరగా తెమలదు.