గచ్చిబౌలిలో సిరియా మ్యాచ్: అనంతపురం నుంచి మామతో ఒక పగలు, ఒక రాత్రి

2024 సెప్టెంబర్ 9, సోమవారం, ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫుట్‌బాల్ ఆఖరి మ్యాచ్, ఇండియా సిరియా. హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో. ఈ మ్యాచ్‌కి మా మామ, నేను అనంతపురం నుంచి పోయి వచ్చినాం. 0-3తో ఓడిపోయినాం, ఆ సంగతి అందరికీ తెలిసిందే. అయినా ప్రయాణం ఎట్లుంది, రూమ్ ఎట్లుంది, గ్రౌండ్ ఎట్లుంది అని మా వాళ్ళు శానా మంది అడుగుతున్నారు, అందుకని ఒక్కసారిగా అంతా రాస్తున్నా. కొంచెం పొడుగు ఉంటాది, బాధ కూడా ఉంటాది.

ముందు మామ గురించి చెప్పాల. ఆయనకి 58 ఏండ్లు, వయసులో ఉన్నప్పుడు గుంతకల్లులో రైల్వే పిల్లోళ్ళతో ఆడినోడు, నాకు బూట్లు కొనిచ్చి మా ఊర్లో ఆర్డీటీ అనే సేవాసంస్థ గ్రౌండ్‌కి చేయి పట్టుకొని తీసుకపోయింది ఆయనే. 2003లో హైదరాబాద్‌లో ఆఫ్రో ఏషియన్ గేమ్స్ జరిగినప్పుడు ఫుట్‌బాల్ ఫైనల్ చూసి వచ్చినాడు, అప్పుడు ఉజ్బెకిస్తాన్ మీద 1-0తో ఓడిపోయినాం. ఇరవై ఒక్క ఏండ్లుగా ఇంట్లో ఎప్పుడు ఫుట్‌బాల్ మాట వచ్చినా ఆ ఒక్క గోలు గురించే చెప్తాడు. అందుకే ఈ కప్ హైదరాబాద్‌లో అని తెలిసిన రోజే రెండు టికెట్లు ఆన్‌లైన్‌లో తీసేసినా. ఆ వారం మా ఊర్లో దులీప్ ట్రోఫీ జరుగుతా ఉంది, ఊరంతా క్రికెట్, ఆటోస్టాండ్‌లో కూడా అదే ముచ్చట, మేమిద్దరం మాత్రం సిరియా ర్యాంకు ఎంత, మన ర్యాంకు ఎంత అని మాట్లాడుకుంటా ఉన్నాం.

ప్రపంచ ఫుట్‌బాల్ ర్యాంకులు చూస్తే సిరియా 93, మనం 124. మొదటి మ్యాచ్ 3వ తారీఖున మారిషస్‌తో 0-0, వాళ్ళది 179వ ర్యాంకు, అది నేను ఫోన్‌లో చూసినా, చూసి నిద్ర పట్టలేదు. 6న అదే మారిషస్‌ని సిరియా 2-0తో కొట్టింది. అంటే మూడు జట్ల కప్పులో మనకి గెలిస్తేనే కప్పు, వాళ్ళకి డ్రా అయినా చాలు.

ఆదివారం రాత్రి పదిన్నరకి ప్రైవేట్ స్లీపర్ బస్ ఎక్కినాం, 360 కిలోమీటర్లు ఉంటాది, తెల్లారి అయిదున్నరకి ఆరాంఘర్‌లో దింపినాడు. బస్ బాగుండె, డ్రైవర్ నిదానంగా తోలినాడు, కర్నూలు దాటినాక ఒక డాబా దగ్గర ఆపినారు, అక్కడ బాత్రూమ్ శుభ్రంగా ఉండె. దీనికి నా వైపు నుంచి పూర్తి మార్కులు. గచ్చిబౌలి పోవాలనుకునేవాళ్ళు ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా పోవద్దు, ఆరాంఘర్‌లోనే దిగి అత్తాపూర్ మీదుగా మెహిదీపట్నం, అక్కడి నుంచి లింగంపల్లి వైపు పోయే సిటీ బస్సు ఎక్కితే స్టేడియం ముందే దిగొచ్చు. తెల్లారి కాబట్టి టోలీచౌకి దగ్గర ట్రాఫిక్ లేదు, అదే తొమ్మిదింటికైతే ఆ దారిలో గంటన్నర పట్టినా పట్టొచ్చు.

రూమ్ దగ్గర మాత్రం మోసపోయినాం. పేరు రాయను, టెలికాం నగర్ వైపు ఒక సందులో ఉంటాది, ఆన్‌లైన్‌లో 1,800కి బుక్ చేసినా, ఫోటోలో కిటికీ, తెల్ల దుప్పట్లు, టేబుల్ అన్నీ ఉన్నాయి. పొద్దున ఆరున్నరకి పోతే రిసెప్షన్‌లో పిల్లోడు నిద్ర మొహంతో "సార్, చెకిన్ పన్నెండుకే, ఇప్పుడు కావాలంటే ఇంకో 500" అన్నాడు. బుక్ చేసేటప్పుడు నేను ఫోన్ చేసి అడిగినా, పొద్దున్నే వస్తాం అని చెప్తే రండి సార్ అన్నారు. గట్టిగా మాట్లాడబోతే మామ నా భుజం మీద చెయ్యేసి "పోనీలేప్పా, మ్యాచ్ పూట గొడవెందుకు" అని తన జేబులోంచి తీసి ఇచ్చినాడు. నాకు ఆ 500 కంటే ఆయన చేత ఇప్పించడమే బాధ అయింది. లోపల గీజర్ పని చెయ్యలేదు, బక్కెట్‌తో వేడి నీళ్ళు తెచ్చిస్తాం అన్నారు, రెండుసార్లు అడిగితే ఒకసారి వచ్చినాయి. దుప్పటి తడి వాసన. వానాకాలం కాబట్టి కొంత సర్దుకోవచ్చు గానీ అంత డబ్బుకి ఆరిన దుప్పటి అయినా ఇయ్యాల కదా. ఒక్కటే మంచి, స్టేడియంకి నడిచి పదిహేను నిమిషాలు.

స్నానాలు అయినాక మామ లాల్ బహదూర్ స్టేడియం చూద్దాం అన్నాడు. చార్మినార్ చూపిద్దాం అని నేను అనుకున్నా, ఆయన వద్దన్నాడు. మెహిదీపట్నం, మాసబ్ ట్యాంక్, లక్డీకాపూల్ మీదుగా బస్సులో బషీర్‌బాగ్ చేరినాం. గేటు దగ్గర మనిషిని బతిమాలితే పది నిమిషాలు లోపల నిలబడనిచ్చినాడు, ఆయనకి దండం పెట్టాల. దీన్ని మొదట్లో ఫతే మైదాన్ అనేవాళ్ళు. అక్కడ గడ్డి దగ్గర నిలబడి మామ రహీం సాబ్ గురించి చెప్పినాడు, నేను చిన్నప్పటి నుంచి విన్నదే, అయినా ఆ ఊర్లో నిలబడి వింటే వేరే ఉంటాది. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ మనిషి, బడిపంతులు, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్, ఆ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా అయిదు సార్లు రోవర్స్ కప్ కొట్టింది, అప్పట్లో దేశంలో పేరున్న ఫుట్‌బాల్ కప్పు అది. 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నీ ఆయన చేతి కిందనే. 1962లో జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో కొట్టేటప్పటికే ఆయనకి క్యాన్సర్, తర్వాత ఏడాది తిరగకుండానే పోయినాడు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం కూడా ఆ జట్టులోవాడే, ఆయన మొన్న 2023లో కాలం చేసినాడు. "ఈ ఊరు ఇచ్చింది అబ్బీ ఇండియాకి ఫుట్‌బాల్‌ని, ఈ ఊర్లో ఒక్కసారి గెలిచేది నా కండ్లతో చూడాల" అన్నాడు మామ. నేనేం మాట్లాడలేదు.

పక్కన ఇరానీ హోటల్‌లో చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు, బాగున్నాయి. మధ్యాహ్నం భోజనం గురించి చెప్పేటంత ఏం లేదు. తిరుగు ప్రయాణం అసెంబ్లీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం దాకా, ఏసీలో హాయిగా కూర్చొని వచ్చినాం, మామకి మెట్రో శానా నచ్చింది, లిఫ్టులు ఉన్నాయి, మోకాళ్ళు నొప్పి ఉన్నోళ్ళకి ఇదే మేలు. రాయదుర్గంలో దిగినాక మాత్రం మళ్ళీ ఆటో కావాల, 250 అడిగితే 180కి ఒప్పుకున్నాడు, మ్యాచ్ ఉన్నప్పుడు ఆ ముక్క దూరానికి బస్సులు వేస్తే శానా మందికి మేలు.

సాయంత్రం ఆరున్నరకే గ్రౌండ్ దగ్గరికి చేరినాం, ఏడున్నరకి కిక్కాఫ్. బయట నీలం జెర్సీలు, జెండాలు, బుగ్గల మీద రంగులు పూసేవాళ్ళు, వినాయక చవితి అయి రెండు రోజులే కాబట్టి ఎక్కడో మండపంలోంచి పాటలు, అంతా కలిసి జాతర మాదిరి ఉండె. పోలీసులు మర్యాదగా మాట్లాడినారు, మామని చూసి "పెద్దాయన, ఇట్లా రండి" అని పక్క నుంచి పంపినారు. నీళ్ళ బాటిల్, పవర్ బ్యాంక్ లోపలికి రానియ్యరు, తెచ్చుకోవద్దు. ఇది అథ్లెటిక్స్ స్టేడియం, చుట్టూ పరుగు ట్రాక్ ఉంటాది, అందువల్ల గ్రౌండ్ సీట్లకి దూరం. కింద వరసల్లో కూర్చుంటే అవతలి గోల్ దగ్గర ఏం జరుగుతుందో తెలియదు, మేము పైకెక్కినాం, మెట్లు ఎక్కేటప్పుడు మామ రెండుసార్లు ఆగినాడు.

అప్పటి ఇండియా కోచ్, స్పెయిన్ మనిషి మనోలో మార్కెజ్ బయటికి వచ్చినప్పుడు మా స్టాండ్ మొత్తం లేచి అరిచింది. ఎందుకంటే ఆయన ఈ ఊరోడే అన్నట్టు, హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బుకి 2022లో ఐఎస్ఎల్, అంటే మన దేశం ఫుట్‌బాల్ లీగ్ కప్ తెచ్చిపెట్టినాడు, కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో, కాకపోతే ఆ ఫైనల్ గోవాలో జరిగింది, ఈ ఊరి జనం కండ్ల ముందు కాదు. ఇండియా కోచ్‌గా ఆయనకి ఇదే మొదటి కప్పు. మా అనంతపురం పిల్లోళ్ళకి స్పెయిన్ మనుషులు కొత్త కాదు, ఆర్డీటీ పెట్టిన ఫెర్రర్ గారిది ఆ దేశమే, అందుకేనేమో మనోలో అంటే నాకు మొదటి నుంచి నమ్మకం.

ఏడో నిమిషం. ఇంగా జనం సీట్లు వెతుక్కుంటా ఉన్నారు, మా ముందు ఒకాయన పాప్‌కార్న్ పట్టుకొని నిలబడి ఉన్నాడు, ఆయన పక్కకి జరిగేలోపల బంతి మన గోల్‌లో ఉంది. మహమూద్ అల్ అస్వద్. నేను గోలు కూడా సరిగా చూడలేదు, సిరియా వాళ్ళు పరిగెత్తేదే చూసినా. మామ చేతులు కట్టుకొని కూర్చున్నాడు. తర్వాత సెకండ్ హాఫ్‌లో మనవాళ్ళు బంతి బాగానే పట్టుకున్నారు, డప్పులు మోగినాయి, "ఇండియా ఇండియా" అని గొంతులు పోయేదాకా అరిచినాం, ఒక్కొక్కసారి లేచి నిలబడి అయిపోయింది గోలే అనుకున్నాం, కానీ బాక్స్ దగ్గరికి పోయినాక ఎవరికీ కొట్టాలని ధైర్యం రాలేదు, ఇంకొకడికి ఇద్దామనే చూసినారు. మన కెప్టెన్ సునీల్ ఛెత్రి జూన్‌లో రిటైర్ అయినాక ఆ చోట నిలబడి బంతి కోసం ఆకలిగా చూసేవాడు లేడు, అది పైనుంచి చూస్తే స్పష్టంగా కనపడింది నాకు. 76వ నిమిషంలో రెండోది, దలెహో ఇరాందుస్త్. జనవరిలో ఏషియన్ కప్‌లో ఇదే సిరియా మన మీద కొట్టిన ఒక్క గోలు కూడా 76వ నిమిషంలోనే. ఇంజ్యూరీ టైమ్ ఆరో నిమిషంలో పాబ్లో సబ్బాగ్ మూడోది కొట్టేటప్పటికి మా వరసలో సగం మంది లేచి పోయినారు.

ఇరాందుస్త్ పుట్టింది స్వీడన్‌లో, సబ్బాగ్ కొలంబియాలో, తాతల దేశం కోసం వచ్చి ఆడుతున్నారు. మన దేశంలో రెండు పౌరసత్వాలు కుదరవు కాబట్టి బయట దేశాల పౌరసత్వం ఉన్న మన పిల్లోళ్ళు దాన్ని వదులుకుంటే తప్ప ఆడలేరు, ఇది మార్చాలని శానా మంది అంటారు, నేనూ అంటా. కానీ ఆ రాత్రి నన్ను కుదిపింది అది కాదు. 2011లో యుద్ధం మొదలైనప్పటి నుంచి అప్పటిదాకా సిరియా జట్టుకి సొంత ఊర్లో ఆడే యోగం లేకపోయె, వాళ్ళ హోమ్ మ్యాచులు కూడా వేరే దేశాల్లోనే ఆడుకుంటా ఉండిరి. సొంత జనం ముందు ఆడలేని జట్టు వచ్చి మన జనం ముందు మన కప్పు ఎత్తుకుంది. మనకి ఇల్లుంది, అరిచేవాళ్ళున్నారు, రహీం సాబ్ ఊరు ఉంది, మారిషస్ మీద కూడా ఒక్క గోలు లేదు. రెండు మ్యాచులు, 180 నిమిషాలు, సున్నా. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పోదాం పద మామా అంటే ఆయన లేవలేదు. సిరియా వాళ్ళు కప్పు ఎత్తేదాకా కూర్చొని, ఎత్తినాక నిలబడి చప్పట్లు కొట్టినాడు. "అన్నీ వదులుకొని వచ్చి ఆడినారప్పా, వీళ్ళకి కొట్టాల" అన్నాడు. పక్కన నీలం జెర్సీ పిల్లోళ్ళు ఇద్దరు ఆయన్ని చూసి వాళ్ళూ కొట్టినారు.

బయటికి వచ్చేది సులభమే, గేట్లు అన్నీ తెరిచినారు, తోపులాట లేదు. క్యాబ్ యాప్‌లో మాత్రం మామూలు రేటుకి రెండింతలు చూపించినారు, మాకు ఆ అవసరం పడలేదు, నడిచినాం. సందు మలుపులో వినాయకుడి మండపం దగ్గర ఒకామె "మ్యాచ్ నుంచా అన్నా, గెలిచినామా" అని అడిగి, మేము తల అడ్డంగా ఊపితే ఏం మాట్లాడకుండా రెండు దొన్నెల్లో పులిహోర పెట్టిచ్చింది. రాత్రి భోజనం అదే. రూమ్‌కి పోయి ఆ తడి వాసన దుప్పటి పక్కన పడేసి మామ తెచ్చుకున్న తువ్వాలు కప్పుకొని పడుకున్నాం, లైటు ఆపినాక చానాసేపటికి ఆయన "2003లో ఒక్క గోలే" అన్నాడు.

మళ్ళీ నవంబర్ 18న అదే గ్రౌండ్‌లో మలేసియా మ్యాచ్ పడింది, దానికీ పోయినాం, 1-1, మన గోలు రాహుల్ భేకే తలతో కొట్టింది, మామ నన్ను పట్టుకొని ఎగిరినాడు గానీ గెలుపు మాత్రం దొరకలేదు. ఆ ఏడాది మొత్తంలో మనవాళ్ళు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఈసారి మెహిదీపట్నంలో పాత లాడ్జి తీసుకున్నాం, 1,100, చిన్న రూమ్, ఫోటోలు ఏం లేవు, కానీ వేడి నీళ్ళు వచ్చినాయి, పొద్దున్నే పోయినా మాట మార్చలేదు. మ్యాచ్ అయినాక అంత దూరం ఆటోలో రావాల, రాత్రిపూట 400 అయింది, రెండూ కలిపినా గచ్చిబౌలి రూమ్ కంటే తక్కువే పడింది. ఒక్కరే పోతే, నడిచే ఓపిక ఉంటే స్టేడియం పక్కనే తీసుకోండి, కానీ ముందు రోజు ఫోన్ చేసి గీజర్ గురించి, పొద్దున చెకిన్ గురించి అడిగి మెసేజ్‌లో రాయించుకోండి. పెద్దవాళ్ళతో పోయేటట్టయితే టికెట్ మధ్య వరసల్లో చూసుకోండి, మరీ పైకి వద్దు. మా మామకి ఇది రెండుసార్లు చెప్పినా, వినడు, బంతి పైనుంచే బాగా కనపడుతుందంటాడు.