మడమ నొప్పికి పిలాటిస్ మేలా, బరువు వ్యాయామం మేలా?

సైనిక ఎంపికల్లోని 1.6 కిలోమీటర్ల పరుగు కోసం సాధన చేస్తూ మడమ వెనుక నొప్పి తెచ్చుకున్న శ్రీకాకుళం కుర్రవాళ్లు ఈ మధ్య నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు: ఫోనులో చూసిన పిలాటిస్ (చాప మీదో స్ప్రింగుల బల్ల మీదో ఒంటిని అదుపులో కదిలిస్తూ చేసే వ్యాయామాలు) మొదలుపెట్టాలా, మునికాళ్ల మీద లేచే వ్యాయామమే కొనసాగించాలా? జనం దానిని మడమ నరం అంటారు గానీ అది నరం కాదు, పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ టెండన్.

పిలాటిస్‌ను తీసిపారేయవలసిన పని లేదు. రిఫార్మర్ అనే స్ప్రింగుల బల్ల మీద పడుకొని పాదాలతో నెట్టినప్పుడు ఒంటి బరువంతా కాలి మీద పడదు కనుక, నిలబడి మడమ ఎత్తడానికే బాధపడే తొలి రోజుల్లో అది బాగా ఉపకరిస్తుంది. తుంటికీ నడుముకూ పట్టు వస్తుంది. అయితే దాని మీద పరిశోధనలు ఎక్కువగా జరిగింది నడుము నొప్పి విషయంలో.

నా దృష్టిలో తేల్చేది భారం. టెండన్ తన మీద పడే భారాన్ని బట్టి నెలల తరబడి మెల్లగా గట్టిపడుతుంది. పరుగులోనేమో ఒంటి బరువుకు ఎన్నో రెట్ల లాగుడు దాని మీద పడుతుంది. చాప మీద చేసే పిలాటిస్ ఆ దరిదాపులకు రాదు. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో ప్రకటించిన పద్ధతికి అరుగు మెట్టు చాలు: మెట్టు అంచున నిలబడి మడమను నిదానంగా కిందికి దించడం, మోకాలు చాచి 15 చొప్పున 3 విడతలు, కొద్దిగా వంచి మరో 3, పూటకొకసారి చొప్పున రోజుకు రెండుసార్లు, 12 వారాలు. అంటే రోజుకు 180 సార్లు. అంత ఓపిక లేనివారికి, వారానికి 3 రోజులు ఎక్కువ బరువుతో మడమలను నిదానంగా ఎత్తి దించే పద్ధతి దాదాపు అదే ఫలితం ఇస్తుంది కనుక, నేను దానినే చెబుతాను. 2000లో సిడ్నీలో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తిన కరణం మల్లీశ్వరి పెరిగిన జిల్లాలో బరువంటే ఇంత బెదురెందుకో!

నొప్పి సరిగ్గా టెండన్ ఎముకకు అతుక్కున్న చోటనే ఉంటే మాత్రం మడమను మెట్టు కిందికి దించకూడదు, చదునైన నేల మీదనే చేయాలి. పూర్తి విశ్రాంతితో నొప్పి తగ్గవచ్చు గానీ టెండన్ మరింత బలహీనపడుతుంది. మర్దన తాత్కాలిక ఉపశమనమే.

కాబట్టి బరువు వ్యాయామం ముందు, పిలాటిస్ మిగిలిన రోజుల్లో. చేసేటప్పుడు నొప్పి (అసలు లేకపోతే సున్నా, భరించలేనంత అయితే పది అనుకుంటే) ఐదు దాటకుండా, మర్నాటి ఉదయానికి మునుపటి స్థాయికి దిగితే బరువు పెంచవచ్చు. దిగకపోతే పరుగునూ బరువునూ రెండింటినీ ఒక మెట్టు తగ్గించాలి.