పదేళ్లు దాటిన కారుకు ఫుల్ ఇన్సూరెన్సా, థర్డ్ పార్టీయా: ఏది మేలు?

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా, అంటే మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా, ప్రతి కారుకూ తప్పనిసరి. కాబట్టి పాత కారు యజమాని తేల్చుకోవలసింది ఒక్కటే: దానితోపాటు సొంత కారుకు జరిగే నష్టానికి, అంటే ఓన్ డ్యామేజికి కూడా ఏటా ప్రీమియం కట్టాలా, వద్దా? ఈ రెండూ కలిసినదే ఫుల్ ఇన్సూరెన్స్.

చిన్న దెబ్బల కోసమైతే వద్దనే నా అభిప్రాయం. పదేళ్లు దాటిన కారుకు ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలోనే కాక ఇనుప భాగాల ధరలోనూ సగం తరుగు కింద కోసేస్తారు. అద్దాలకు మాత్రం కోత లేదు. ఉదాహరణకు బంపరు 6,000, డోరు 8,000, కూలి 6,000 కలిపి 20,000 రూపాయల బిల్లు అయిందనుకుందాం. తరుగుతోపాటు, 1500 సీసీ లోపు కార్లకు మనమే భరించవలసిన 1,000 కూడా పోగా 12,000 చేతికి వస్తుంది. కానీ ఆ క్లెయిముతో 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయని ఏళ్లకు ఓన్ డ్యామేజి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. అంతవరకు 3,000 కట్టినవారు మరుసటి ఏడు 6,000 కట్టాలి. తరువాత 20, 25, 35, 45 శాతాలుగా బోనస్ మెల్లగా పెరిగి మళ్లీ 50కి చేరేలోగా, ప్రీమియం మూల ధర మారదనుకుంటే, అదనంగా కట్టేది 7,500. అంత తిరిగితే మిగిలేది 4,500.

అయితే మా నెల్లూరు జిల్లాలో అసలు భయం బంపరు గురించి కాదు, నీటి గురించి. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే కోతకు గురైంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వానలను చూశాం. వరదలో మునిగినా, దొంగలు ఎత్తుకుపోయినా థర్డ్ పార్టీ పాలసీ మన కారుకు పైసా ఇవ్వదు, ఓన్ డ్యామేజి ఇస్తుంది. నీళ్లలో ఉన్న కారును స్టార్టు చేయడంతో ఇంజను చెడితే మాత్రం, ఇంజను ప్రొటెక్షన్ అదనంగా తీసుకోకపోతే సాధారణంగా ఆ ఖర్చు రాదు. పాత కార్లకు ఆ రక్షణ అంత సులభంగా దొరకదు కనుక రెన్యువల్‌కు ముందే అడిగి తేల్చుకోవాలి.

అయిదేళ్లు దాటిన కారు విలువను, అంటే ఐడీవీని, కంపెనీ, యజమాని కలిసి నిర్ణయించుకుంటారు. ప్రీమియం తగ్గుతుందని ఆ అంకెను బాగా తగ్గించి రాయించుకోవడం నష్టమే, ఎందుకంటే కారు పూర్తిగా పోయినప్పుడు వచ్చేది ఆ అంకెను బట్టే. మా కారు పల్లపు వీధిలో ఆరుబయట నిలుస్తుంది, ఐడీవీ లక్షన్నర, అది పోతే వెంటనే మరొకటి కొనగల స్తోమత లేదు. అందుకే ఫుల్ ఇన్సూరెన్సే కొనసాగిస్తున్నాను, చిన్న సొట్టలకు క్లెయిము చేయను. అదే ఒంగోలులో మెరక మీద, తాళం వేసిన షెడ్డులో నిలిచే కారు విలువ డెబ్బై, ఎనభై వేలకు దిగి, ఆ మొత్తం బ్యాంకులో ఉన్నవారికి థర్డ్ పార్టీ ఒక్కటే చాలు. వారు కూడా యజమానికి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాను వదులుకోకూడదు. ఇప్పుడు ఓన్ డ్యామేజి మానేసి మళ్లీ తీసుకోవాలంటే కంపెనీవారు కారును తనిఖీ చేస్తారు. గడువు దాటి 90 రోజులైతే కూడబెట్టిన బోనస్ కూడా పోతుంది.