బెల్టు ఒక్కటేనా, టెన్షనరుతో సహానా?

1998లో మన రోడ్ల మీదికి వచ్చిన హ్యుందాయ్ శాంట్రో వంటి పాత కారుకు టైమింగ్ బెల్టు (పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్టుతో పాటు వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్టును తిప్పే పళ్ల రబ్బరు పట్టీ) మార్చే వేళ యజమాని ముందు రెండు దారులుంటాయి: బెల్టు ఒక్కటే మార్చడం, లేదా దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరును, ఆయిల్ బయటికి కారకుండా ఆపే సీళ్లను కూడా మార్చడం. బెల్టు ఒక్కటే మారిస్తే విడిభాగాల ఖర్చు తగ్గుతుంది. ఇటీవలే టెన్షనరు మార్చిన బండికి అది చాలు. అయితే కూలిలో అధిక భాగం కవర్లు విప్పడానికి, క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్టు ఒక్క చుట్టు తిరిగే ఆ లయ తప్పకుండా గుర్తులు కలిపి బిగించడానికే పోతుంది కనుక, అరిగిన టెన్షనరు బేరింగును, కారుతున్న ఆయిల్ సీళ్లను అలాగే వదిలేయడం పొదుపు అనిపించుకోదు. బేరింగు పట్టేస్తే కొత్త బెల్టయినా తెగుతుంది. ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. కిలోమీటర్ల రీడింగు తక్కువే అయినా ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిన బండికి (తాతగారి కార్లు చాలావరకు ఇలాంటివే) నేను రెండో దారినే సూచిస్తాను, ఎందుకంటే రబ్బరు తిరగకపోయినా ఎండి పగుళ్లిస్తుంది.